ఇంట్లో ఇద్దరికి నీటికాసులు: జన్యు పరీక్ష, మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించుకోవాలా?

అరండల్‌పేట వాసి:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నాకు 47 ఏళ్లు. మా నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో 30 ఏళ్లు గుమాస్తాగా పని చేశారు. చూపు మసకబారుతోందంటే శుక్లాలేమో అనుకుని ఆరేళ్ల కిందట కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాం. శుక్లాలు ఉన్నాయి గానీ, వాటితో పాటు నీటికాసులు, అంటే గ్లకోమా, ఉందనీ, ఎడమ కంటి నరం అప్పటికే చాలావరకు దెబ్బతిన్నదనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరుగారు చెప్పారు. కుడి కన్ను మాత్రం చుక్కల మందుతో నిలబడింది. తర్వాత రెండేళ్లకు ఆయన సొంత చెల్లెలికి, అంటే మా మేనత్తకు, అదే జబ్బు బయటపడింది.

మాది మేనరికం. ఆ మేనత్తే నాకు అత్తగారు. ఈ లెక్కన నా వైపునుంచీ, నా భార్య వైపునుంచీ కూడా ఈ జబ్బు మా పిల్లల దాకా రావడానికి దారి ఉన్నట్టే. అమ్మాయికి 19, అబ్బాయికి 14 ఏళ్లు.

ఈ మధ్య ఒక పరీక్షల సంస్థ తరఫున వచ్చిన వ్యక్తి, ఒక్క రక్త నమూనాతో గ్లకోమా జన్యువులూ మైక్రో ఆర్‌ఎన్‌ఏలూ కలిపి చూసి, ఎవరికి ఈ జబ్బు వస్తుందో, ఎవరికి రాదో చెప్పేస్తామన్నారు. నలుగురికీ చేయిస్తే అయ్యే ఖర్చు మాకు చిన్నది కాదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు నోబెల్ బహుమతి వచ్చిన సంగతి పత్రికలో చదివాను గనుక ఆ మాటను తోసిపుచ్చలేకపోతున్నాను. ఈ పరీక్షకు అర్థం ఉందా? తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పగలరు.

మొగల్రాజపురం మాస్టారు:

నేను విజయవాడలో ఒక కళాశాలలో అణు జీవశాస్త్రం బోధిస్తాను. కంటి వైద్యుణ్ణి కాను. కనుక పరీక్ష వెనక ఉన్న శాస్త్రం వరకే మాట్లాడతాను.

మీకు అమ్మజూపిన పొట్లంలో రెండు వేరువేరు సరుకులు ఉన్నాయి. జన్యువులో ఉండే మార్పు పుట్టుకతో వచ్చేది. అది జీవితాంతం మారదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అలాంటిది కాదు. ఏ కణంలో ఏ ప్రోటీను ఎంత తయారు కావాలో అదుపు చేసే చిన్న అణువు అది, దాని మోతాదు కణాన్ని బట్టి, వయసును బట్టి, వాడే మందును బట్టి మారుతూ ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద అచ్చువేసి జాతకంలా చేతికివ్వడం నాకు సమంజసంగా తోచలేదు.

ముందు జన్యువుల సంగతి. గ్లకోమాకు సంబంధించి మొదట దొరికిన జన్యువు మయోసిలిన్, 1997లో. ఒకటో క్రోమోజోము మీద ఉంటుంది. దాని కథలో ఒక విచిత్రం ఉంది: కంటి లోపల ఊరే నీటిని బయటికి పంపే జల్లెడ వంటి కణజాలానికి స్టెరాయిడ్ మందు తగిలించినప్పుడు ఎక్కువగా పుట్టుకొచ్చే ప్రోటీనుగా దాన్ని అంతకుముందే గమనించారు. ఆ జన్యువులో దోషం ఉంటే ప్రోటీను సరిగా మడత పడక, కణం బయటికి పోలేక లోపలే పేరుకుపోతుంది; ఆ కణాలు దెబ్బతిని నీటి దారి మూసుకుపోతుంది, కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చే రెండు ప్రతుల్లో ఒక్కదానిలో దోషం ఉన్నా చాలు, జబ్బు రావడానికి. కానీ పెద్దవయసు గ్లకోమా రోగుల్లో మయోసిలిన్ దోషం కనిపించేది 100 మందిలో సుమారు 2 నుంచి 4 మందిలోనే. బాగా చిన్న వయసులో, చాలా ఎక్కువ ఒత్తిడితో, తరం తరువాత తరం వరుసగా వచ్చే కుటుంబాల్లో దాన్ని వెతకడానికి అర్థం ఉంది. 2002లో గుర్తించిన ఆప్టిన్యూరిన్ ఇంకా అరుదు. అందులోని ఒక మార్పు, కంటి ఒత్తిడి మామూలుగానే ఉన్నా నరం దెబ్బతినే కుటుంబాల్లో దొరికింది.

మీ నాన్నగారికీ, మేనత్తగారికీ జబ్బు వచ్చింది పెద్దవయసులోనే అయితే, అది బహుశా ఒక్క జన్యువు చేసిన పని కాదు. 2021లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో యూరపు, ఆసియా, ఆఫ్రికా మూలాలకు చెందిన 34,000 మందికి పైగా రోగుల జన్యుపటాలను పరిశీలించి, సాధారణ గ్లకోమాతో సంబంధం ఉన్న 127 చోట్లను గుర్తించారు. వాటిలో ఒక్కొక్కటి ముప్పును పెంచేది పిసరంతే. అన్నిటినీ కూడి ఒక స్కోరు కట్టవచ్చు, కడుతున్నారు కూడా; కానీ అలాంటి స్కోర్లు ఎక్కువగా యూరపు మూలాల వారి సమాచారం మీద కట్టినవి కావడం వల్ల మన దగ్గరికి వచ్చేసరికి గురి తగ్గుతుంది. దీనికి నేను తరగతిలో చెప్పే ఉదాహరణ ఎల్‌ఓఎక్స్‌ఎల్1 అనే జన్యువు. కంటిలో బూడిద వంటి పొట్టు పేరుకోవడం వల్ల వచ్చే ఒక రకం గ్లకోమాకు అందులోని ఒక రూపం ముప్పు అని 2007లో ఐస్‌లాండ్, స్వీడన్ ప్రజల్లో తేలింది. అదే చోట జపాను వారిలో చూస్తే ముప్పు రూపం సరిగ్గా దాని ఎదురుది. అక్కడి తూకపురాయితో ఇక్కడి సరుకు తూచితే ఏమవుతుందో ఊహించండి.

ఇక మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. 1993లో ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు వీటి పనితీరును కనిపెట్టాయి. 2024లో వారిద్దరికీ వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ఒక్కొక్కటి దాదాపు 22 అక్షరాల పొడవు మాత్రమే. జన్యువు నుంచి ప్రోటీను తయారీకి బయలుదేరిన సందేశం చివరి భాగాన్ని ఇది పట్టుకుని, ఆ సందేశాన్ని ఆపడమో, నశింపజేయడమో చేస్తుంది. మనకు బాగా తెలిసిన కృష్ణా కాలువల భాషలో చెప్పాలంటే, ఇవి తూము తలుపును జానెడు ఎత్తి బెత్తెడు దించే లస్కర్ల వంటివి. ఒక్కో లస్కరు చేతిలో వందల తూములు ఉంటాయి. ఒక్కో తూము మీద పదిమంది లస్కర్ల చెయ్యి ఉంటుంది.

కంటి లోపల నిమిషానికి సుమారు 2 నుంచి 3 మైక్రోలీటర్ల నీరు ఊరి, కంటి ముందున్న పారదర్శక పొర కార్నియా, దాని వెనకున్న రంగు తెర ఐరిస్ కలిసే మూలలోని జల్లెడ గుండా బయటికి పోతుంది. ఆ జల్లెడలో కొల్లాజెన్ వంటి పీచు పదార్థం అతిగా పేరుకుంటే, గుర్రపుడెక్క పట్టిన కాలువలా పారుదల మందగిస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-29బి ఆ పీచు తయారీని అదుపులో ఉంచుతుందనీ, ఆక్సీకరణ వల్ల దెబ్బతిన్న జల్లెడ కణాల్లో అది తగ్గిపోతుందనీ ప్రయోగశాలలో చూశారు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-200సి జల్లెడ కణాల బిగువును సడలిస్తుంది. ఎలుకల కళ్లలోకి దాన్ని పంపితే ఒత్తిడి తగ్గింది. 143, 145 సంఖ్యల మైక్రో ఆర్‌ఎన్‌ఏల జంటను తీసివేసిన చుంచెలుకల్లో నీరు మరింత సులువుగా పారి ఒత్తిడి తగ్గింది. మీరు అడిగిన రెండు విషయాలూ ఒకచోట కలిసేది మైక్రో ఆర్‌ఎన్‌ఏ-182 దగ్గర: దాన్ని తయారుచేసే జన్యువులోనే ఉన్న ఒక అక్షర మార్పుకు గ్లకోమాతో సంబంధం ఉన్నట్టు 2016లో ప్రచురించారు. అంటే కొందరిలో వారసత్వంగా వచ్చేది ప్రోటీను దోషం కాదు, లస్కరు దోషం.

ఇదంతా నాకు చాలా ఇష్టమైన శాస్త్రమే. అయినా దీన్ని రక్తంలో చూసి జోస్యం చెప్పడం వేరు సంగతి. ఈ అధ్యయనాల్లో రోగుల నుంచి తీసిన నమూనా ఎక్కువగా కంటి లోపలి నీరు. అది ఆపరేషను సమయంలో తీసే కొద్ది చుక్కలు. పోల్చడానికి శుక్లాల ఆపరేషనుకు వచ్చినవారి నీరు తీసుకుంటారు. ఆపరేషను దాకా వచ్చిన గ్లకోమా రోగి అప్పటికే ఏళ్ల తరబడి చుక్కలు వాడుతూ ఉంటాడు గనుక, కనిపించిన తేడా జబ్బుదో మందుదో విడదీయడం కష్టం. రక్తం విషయానికి వస్తే, అందులోని మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో అధిక భాగం రక్తకణాలవే. నమూనా తీసేటప్పుడు ఎర్రకణాలు కాస్త చితికినా 451, 16 సంఖ్యల మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తాయి. కంటి మూలలోని వెంట్రుకవాసి కణజాలంలో ఏం జరుగుతోందో చేతి నుంచి తీసిన రక్తం చెబుతుందని నమ్మడానికి నాకు ఆధారం కనిపించలేదు. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోమని నా సలహా.

గోనియో:

నేను గుంటూరులో ఆప్టోమెట్రిస్టుగా, అంటే కళ్లు, చూపు పరీక్షించే నిపుణులుగా, 18 ఏళ్లుగా పని చేస్తున్నాను. మాస్టారు చెప్పినదానికి నేను కలపగలిగింది, ఆ డబ్బుతో ఏం చేయించుకోవాలన్నది.

ఈ జబ్బులో మనకు దొరికే అతి చౌకైన జన్యు పరీక్ష కుటుంబ చరిత్రే. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో రోగుల తోబుట్టువులనూ, పిల్లలనూ పిలిచి పరీక్షించినప్పుడు, జీవితకాలంలో వారికి గ్లకోమా వచ్చే ముప్పు 100కు 22 అనీ, రోగులు లేని కుటుంబాల వారిలో అది 2.3 మాత్రమేననీ 1998లో తేలింది. కాబట్టి మీరూ, మీ శ్రీమతిగారూ, మీ ఇద్దరి తోబుట్టువులూ, ముఖ్యంగా 40 దాటినవారు, ముందు కూర్చోవలసింది మా కుర్చీలో. కంప్యూటరు పరీక్షతో అద్దాల నంబరు ఇచ్చి పంపించే చోట కాదు. కంటి ఒత్తిడిని అప్లనేషన్ పద్ధతిలో, అంటే కార్నియాను మెల్లగా నొక్కి, కొలవాలి. గోనియోస్కోపీతో, అంటే కంటి మీద ప్రత్యేక అద్దం పెట్టి, కంటి మూల తెరిచి ఉందో, ఇరుకుగా ఉందో చూడాలి. కార్నియా మందం కొలవాలి. కంటి నరం తలభాగాన్ని డాక్టరుగారు స్వయంగా చూడాలి. అనుమానం ఉంటే విజువల్ ఫీల్డ్ (పక్కచూపు ఎంత ఉందో చూసే పరీక్ష), ఓసీటీ (నరం పొరల మందం చూపే స్కాన్) తీస్తారు. గోనియోస్కోపీని చాలాచోట్ల దాటవేస్తారు గనుక, మీరే నోరు తెరిచి అడగండి. మూల ఇరుకుగా ఉండే రకం ఆసియా వాసుల్లో తక్కువేమీ కాదు. దాని జన్యువులు వేరు, చికిత్స కూడా లేజరుతో ఐరిస్‌కు చిన్న రంధ్రం పెట్టడంతో మొదలవుతుంది.

మీరు మిర్చి యార్డు పేరెత్తారు గనుక అడుగుతున్నాను. నాన్నగారు కంటి దురదకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు ఏళ్ల తరబడి వాడారా? సీజనులో యార్డునుంచి ఎర్రబడ్డ కళ్లతో వచ్చేవారిని అడిగితే, చాలామంది జేబులోంచి ఒకే రకం సీసా తీసి చూపిస్తారు. అందులో డెక్సామెథసోనో, బీటామెథసోనో ఉంటుంది. వేసుకుంటే కన్ను తెల్లబడుతుంది, హాయిగా ఉంటుంది, చీటీ లేకుండానే దొరుకుతుంది. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడితే దాదాపు మూడో వంతు మందిలో కంటి ఒత్తిడి ఎంతో కొంత పెరుగుతుంది. 100కు ఐదారుగురిలో బాగా పెరుగుతుంది. గ్లకోమా రోగుల పిల్లల్లో, తోబుట్టువుల్లో ఈ గుణం మరింత ఎక్కువ. మీ ఇంట్లో ఎవరికైనా ఆస్తమాకో, చర్మానికో, కీళ్లకో స్టెరాయిడ్ ఇస్తున్నా, కంట్లో ఈ చరిత్ర ఉందని ఆ డాక్టరుకు ముందే చెప్పాలి. ఏ జన్యు పరీక్షా ఇవ్వలేని రక్షణ ఇది.

ఇంకొక మాట. ఒత్తిడి మామూలుగా ఉందన్నారు కదా అని ధీమా పడకండి; మాస్టారు చెప్పినట్టు అప్పుడూ నరం దెబ్బతినవచ్చు, అది మనకు తెలియకపోవచ్చు. మన రాష్ట్రంలో 1996 నుంచి 2000 వరకు జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలోనూ, గ్లకోమా ఉన్నట్టు తేలినవారిలో ఎక్కువమందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్కచూపు ముందు పోతుంది గనుక తలుపు కమ్మీ తగిలేదాకా ఎవరూ పట్టించుకోరు.

పటమట నుంచి:

మేనరికం మాట వచ్చింది గనుక మా అనుభవం రాస్తున్నాను. నేను మా మేనమామనే చేసుకున్నాను. మా పెద్దబాబు పుట్టినప్పుడు కళ్లు పెద్దవిగా ఉంటే చూసినవారందరూ మురిసిపోయారు. మా అత్తగారు రోజూ దిష్టి తీసేవారు. నెల తిరిగేసరికి కళ్లలో నీరు కారడం, వెలుతురు చూస్తే ముఖం తిప్పేసుకోవడం మొదలైంది. ఒకచోట చూపిస్తే కన్నీటి నాళం మూసుకుందని చెప్పి, ముక్కు పక్కన మర్దన చేయమన్నారు. నాలుగు నెలలు అదే చేశాం. నల్లగుడ్డు పొగ పట్టిన అద్దంలా మారాక ఇంకొక ఆసుపత్రికి వెళ్తే, పుట్టుకతో వచ్చిన గ్లకోమా అని తేల్చి, వారంలోపే ఆపరేషను చేశారు. బాబుకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. మందమైన అద్దాలతో ముందు బెంచీలో కూర్చుని చదువుకుంటున్నాడు.

మాకు మాత్రం జన్యు పరీక్ష చేయించమని డాక్టర్లే చెప్పారు, అది చాలా ఉపయోగపడింది. సీవైపీ1బీ1 అనే జన్యువులో ఒకే దోషం నా దగ్గర ఒక ప్రతి, మావారి దగ్గర ఒక ప్రతి ఉన్నాయట. మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. రెండు ప్రతులూ బాబుకు చేరాయి. రెండోసారి గర్భం వచ్చినప్పుడు నాలుగింట ఒక వంతు ముప్పు అని ముందే తెలుసు గనుక, పాప పుట్టిన మర్నాడే కళ్లు పరీక్ష చేయించాం. పాపకు లేదు.

మొగల్రాజపురం మాస్టారు:

పటమట సోదరి రాసినది జన్యు పరీక్షకు అసలైన చోటు. సీవైపీ1బీ1 కూడా 1997లోనే పుట్టుకతో వచ్చే గ్లకోమాకు కారణంగా తేలింది. మన దేశపు పిల్లల్లో తరచుగా కనిపించే దోషాన్ని, ఆ ప్రోటీనులో 368వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు హిస్టిడిన్ అనేది చేరడాన్ని, హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు విస్తారంగా అధ్యయనం చేశారు. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు 10,000 జననాలకు ఒకటి, అంతకన్నా తక్కువ అని చెబుతారు; ఆంధ్రప్రదేశ్‌లో 3,300 జననాలకు ఒకటి అని అంచనా వేశారు. మేనరికాల పాత్ర అందులో ఉంది. తెలిసిన జన్యువు, తెలిసిన దోషం, దాన్ని బట్టి తీసుకోగల నిర్ణయం: ఈ మూడూ ఉన్నచోట పరీక్ష పనికొస్తుంది. అరండల్‌పేట వారింట్లో ప్రస్తుతానికి మూడూ లేవు.

అరండల్‌పేట వాసి:

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారిని అడిగాను. మీరు చెప్పిన సీసా లాంటిదే ఆయన గల్లాపెట్టెలో ఎప్పుడూ ఉండేదట. ఎన్నేళ్లు వాడారో ఆయనకే గుర్తు లేదు. మేనత్త మాత్రం అలాంటిది ఏదీ వాడలేదు.

ఇంకొక సందేహం. మా అక్కగారి అబ్బాయికి మా అమ్మాయిని చేసుకోవాలని ఇంట్లో మాట నడుస్తోంది. ఈ జబ్బు కారణంగా వద్దనాలా?

మొగల్రాజపురం మాస్టారు:

నీటికాసుల ఒక్కదాని కోసమే అయితే, అది సంబంధాన్ని నిర్ణయించేటంత కారణం కాదు. పెద్దవయసు గ్లకోమా ముప్పు మీ అమ్మాయికి ఇప్పటికే రెండు వైపులనుంచీ ఉంది; ఎవరిని చేసుకున్నా 40 వచ్చేసరికి, వీలైతే ఇంకా ముందే, ఆమె కళ్లు చూపించుకోవలసిందే. అయితే మీది మేనరికం, దాని మీద ఇప్పుడు మరొక మేనరికం. ఇలా వరుసగా కలిసినప్పుడు, పటమట వారింట్లో జరిగినట్టు, ఎవరిలోనూ బయటపడకుండా దాగి ఉన్న దోషాల రెండు ప్రతులూ ఒకే బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. ఆ దోషం కంటిదే కానక్కర్లేదు, చెవిదో రక్తానిదో కావచ్చు. ముహూర్తం మాటకు ముందే ఒక జన్యు సలహాదారు దగ్గర మూడు తరాల వంశవృక్షం గీయించండి. ఆ సలహాదారు అవసరమన్న పరీక్ష ఏదైనా ఉంటే, దానికి డబ్బు పెట్టండి.

అరండల్‌పేట వాసి:

నిన్న మా అక్కా, నేనూ, నా భార్యా ముగ్గురం చూపించుకున్నాం. మా ఇద్దరికీ ఏమీ లేదన్నారు, ఏడాదికి మళ్లీ రమ్మన్నారు. అక్కకు 52 ఏళ్లు. ఒత్తిడి రెండు కళ్లలోనూ 18 వచ్చింది, కార్నియా మందం 485 అని రాశారు. ఒత్తిడి బాగానే ఉందంటూనే ఫీల్డు పరీక్షకు రమ్మన్నారు. అక్క కంగారు పడుతోంది. బాగానే ఉంటే మళ్లీ ఎందుకు?

గోనియో:

మందం 485 మైక్రాన్లంటే సగటు కన్నా పలుచన. పలుచని కార్నియా మీద యంత్రం ఒత్తిడిని ఉన్నదానికన్నా తక్కువగా చూపే అవకాశం ఉంది గనుక, ఆవిడ 18ని మామూలు 18గా తీసుకోలేం. పైగా కార్నియా పలుచగా ఉండటం దానంతట అదే ఒక ముప్పు. అలాగని జబ్బు ఉందని కాదు, నరం పనితీరు నేరుగా చూడాలనే ఫీల్డు అడిగారు. మొదటిసారి ఆ పరీక్షలో చాలామంది తడబడతారు. ఫలితం బాగా రాకపోతే హడావిడి పడకుండా ఇంకొకసారి చేయించమనండి. ఉదయం పూట, కంటి నిండా నిద్రపోయి రమ్మనండి. నాన్నగారి పాత రిపోర్టులు కూడా వెంట తీసుకువెళ్లండి.